ఉతకని చొక్కా

మొదటిసారి వాణ్ణి నరాండెరా నుంచి తీసుకొచ్చినప్పుడు
దారంతా కారు అద్దాలు దించే ఉంచాను.
చొక్కా నిండా పొగ,
యూకలిప్టస్ పచ్చాకు కాలిన పొగ.
ఇంటికొచ్చి గంట తిరక్కముందే మెషిన్లో వేశాను,
రెండు మూతల సబ్బు, వేడినీళ్లు.
కోబి మెషిన్ అద్దం ముందు గొంతుక్కూర్చుని
చొక్కా తిరగడం చూశాడు
టీవీ చూసినట్టు.
ఏడేళ్లవాడు. ఏమీ అనలేదు.
ఉతికాను, ఆరేశాను, మడతపెట్టాను,
బాగా సాకుతున్నాననుకున్నాను.

ఆఫీసువాళ్ల ఫారంలో
'సంస్కృతి' అని ఒక గడి ఉంటుంది.
మూడు గీతలు. చిన్నక్షరాలైతే నాలుగు వాక్యాలు పడతాయి.
నిరుడు నేను రాసింది ఒకటే:
"స్కూల్లో చుక్కల బొమ్మ వేశాడు. గోడకు తగిలించాం."
వచ్చినావిడ టిక్కు పెట్టుకుని
నా అల్లం బిస్కెట్లు మెచ్చుకుని వెళ్లింది.

ఆ బొమ్మే పట్టుకెళ్లి చూపించాను బెరిల్ అమ్మమ్మకి,
మార్కులేస్తుందన్నట్టు.
కళ్లజోడు సవరించుకుని
చాలాసేపు చూసింది.
"బాగుంది. మాది కాదు.
చుక్కలు ఎడారివాళ్లవి.
మావి గీతలు."
గాలిలో వేలితో గీసి చూపించింది,
వంపు, మళ్లీ వంపు, ఒక సుడి.
ఆవిడ వెనకే మర్రంబిడ్జీ పారుతోంది.
ముప్పై ఏళ్లుగా వంతెన మీంచి దాటుతున్నాను దాన్ని,
అవతలి ఒడ్డు తప్ప ఏమీ చూడకుండా.

ఆ చలికాలం పోసమ్ తోళ్లు తెప్పించింది,
న్యూజిలాండ్ నుంచి, పోస్టులో.
"మా జంతువునే పక్కదేశం నుంచి కొనుక్కుంటున్నాం చూడు"
అని నవ్వింది, దగ్గొచ్చేదాకా.
బిడ్డ పుట్టగానే చిన్న తోలుదుప్పటి మొదలుపెడతారట.
బిడ్డ పొడుగైనకొద్దీ ముక్క కలుపుతారట.
కోబికి ఏడు ముక్కలు బాకీ.

కాల్చే కలం వాడి చేతికిచ్చి
పైన తన చెయ్యి వేసింది.
కమురు వాసన. మొదటి గీత పక్కకి జారింది.
"పోనీలే, ఏరు కూడా అంతే."
నాకు సూదిచ్చింది.
కుట్టడం వచ్చా అని అడగలేదు.
నాలుగో కుట్టుకే వేలు గుచ్చుకుంది.

"దీన్ని ఎలా ఉతకాలి?" అన్నాను,
మాట్లాడటానికి ఏదో ఒకటి కావాలి కదా.
"ఏం పోవాలని ఉతుకుతావు?"
దారం నోట్లో తడిపింది.
సూది బెజ్జంలోకి చూస్తూనే చెప్పింది:
"మా అక్క డల్సీని కారెక్కించుకుపోయినప్పుడు
ముందు స్నానం చేయించారట.
ఒంటిమీది బట్టలు పొయ్యిలో వేశారట.
చాలా శుభ్రమైన చోటు, అనేది ముసలితనంలో కూడా.
చాలా శుభ్రం."

నేను సూది కింద పెట్టాను.
కాసేపాగి మళ్లీ తీసుకున్నాను.

ఇప్పుడు డిసెంబరు. నలభై ఒక్క డిగ్రీలు.
ఫ్యాను కింద, చెమటలో,
ఆ దుప్పటి కప్పుకునే పడుకుంటాడు.
పొద్దున పక్కంతా బూడిదరంగు బొచ్చు.
పెరట్లో ఉడుము కనిపిస్తే నేను "గూగ" అంటాను.
"గుగా, రో. గుగా," అని దిద్దుతాడు,
పెద్ద ఓపికమంతుడిలా.
అమ్మమ్మ దగ్గరికి ఎప్పటికీ ఉండిపోవడానికి
ఎప్పుడెళ్తానని అడుగుతాడు.
కోర్టు కాగితాలు, అంటాను. తెలీదు, అంటాను.
రెండోది నిజం.
ఎనిమిదో ముక్క నా కుట్టుపెట్టెలో ఉంది.
ఈ ఏటి ఫారం ఫ్రిజ్ మీద.

నిన్న నరాండెరా నుంచి వచ్చి
గుమ్మంలోనే చొక్కా విప్పి
రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు,
నా వంక చూస్తూ, మెషిన్ వంక చూస్తూ.
తీసుకుని కుర్చీకి తగిలించాను.
"రేపు స్కూలుకి ఇదే వేసుకుంటా."
మురికి కదరా, అని నాలిక చివరిదాకా వచ్చింది,
అలవాటు ఊరికే పోదు.
మింగాను.

ఇవాళ పొద్దున టోస్టు మాడిపోయినా
నాకు తెలియలేదు.
వంటిల్లంతా ఆకుల పొగ.